రాజయ్య ఇంటికి తాళం

నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ల మీద పనిచేసేవాళ్ళలో రాజయ్యను ఎరగనివాడు లేడు. ఇనుపకడ్డీని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, "వెంట్రుకంత లావున్నది" అనేవాడు. వర్నియర్ కొలబద్ద పెట్టి చూస్తే నిజంగా వెంట్రుకంతే లావుండేది. ఎవరి వెంట్రుక రాజన్నా అని అడిగితే, "నా పెండ్లాముది కాదు, అది ఇంకా లావు" అనేవాడు. ఒకసారి తోటివాళ్ళు అతని కంచంలోంచి రెండు అన్నంముద్దలు తీసి కంసాలి త్రాసులో తూచారట. ముల్లు కదల్లేదట. తేడా ఉంటుందని పందెం కాసినవాడు నెలంతా షెడ్డుకు చాయ్ తాగించాడట. ఇదంతా చెప్పేవాళ్ళు చెబుతారు. రాజయ్య మాత్రం కాదనడు.

జనగామ దగ్గరి ఊరి నుంచి మీసాలు రాకముందే వచ్చి, షెడ్డు ఊడుస్తూ పని నేర్చుకున్నవాడు. రాములమ్మను చేసుకున్నాడు. చిన్న జాగా కొన్నాడు. కింద ఒక వాటా వేసి, చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడు పైన ఇంకో వాటా లేపాడు. పైవాటాలో తణుకు వైపు నుంచి వచ్చిన త్రిమూర్తులు, రాజ్యం అద్దెకుంటారు. త్రిమూర్తులు ఉప్పల్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాడు. రాజయ్యకు ఒక్కడే కొడుకు, ఉపేందర్. వాడు పుట్టినప్పుడు మంత్రసాని చెప్పిన బరువు నమ్మక, షెడ్డుకు తీసుకుపోయి తూచి తెస్తానన్నాడని రాములమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఉపేందర్ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా, వానపడ్డ సాయంత్రం, మల్లాపూర్ నుంచి ఇంటికొస్తుంటే బండికి కుక్క అడ్డం వచ్చింది. కుక్కకు ఏమీ కాలేదు. ఉపేందర్ వెన్నెముక విరిగింది. రాజయ్య ఆసుపత్రికి చేరేసరికి కొడుకు చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. కాళ్ళు మాత్రం ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరచిపోయినట్టు పడి ఉన్నాయి.

వెన్నుపాము దెబ్బతిన్నదనీ, నడుము కింద కదలికా స్పర్శా తిరిగి రావడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. రాజయ్య అంతా విని, "దానికి స్పేరు దొరకదా సార్?" అని అడిగాడు. వేళాకోళానికి అడగలేదు. ముప్పై ఏళ్ళుగా పాడైన ప్రతిదానికీ ఏదో ఒకటి చేసిచ్చినవాడు మరి.

దొరకలేదు. ఆ తర్వాత నెలలపాటు ఆసుపత్రిలో తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురూ మళ్ళీ బడికి పోయినట్టు నేర్చుకున్నారు. పడుకున్నవాడిని పక్కకు తిప్పడం, ఒంటి మీద ఎక్కడైనా ఎరుపెక్కిందేమో రోజూ చూసుకోవడం, మూత్రానికి వేళకు ట్యూబు వేసుకోవడం, స్పర్శ లేని తొడల మీద వేడివేమీ పెట్టుకోకపోవడం. ఉపేందర్ ట్యూబు పని తానే నేర్చుకున్నాడు. మిగతావి తల్లిదండ్రులు మరీ బాగా నేర్చుకున్నారు. అదే వచ్చిన చిక్కు.

ఇంటికి తెచ్చిన కొత్తలో ఒకరోజు ఉపేందర్ కాలు ఉన్నట్టుండి తన్నుకుంది. మంచం మీది స్టీలుపళ్ళెం ఎగిరి గోడకు తగిలింది. రాములమ్మ కేకకు గల్లీ అంతా పోగైంది. కాలొచ్చింది, కాలొచ్చింది అంటూ ఉన్న కొబ్బరికాయలన్నీ కొట్టింది, కొట్టువాడి దగ్గరున్నవీ తెచ్చి కొట్టింది. సాయంత్రం డాక్టరు ఫోనులో, అది నరాలు వాటంతటవే బిగుసుకుని వదలడమేనమ్మా, నడకకు గుర్తు కాదన్నాడు. ఆ వారమంతా పైవాటాలో కొబ్బరిపచ్చడే. రాములమ్మ మాత్రం ఒక పూట బాత్రూంలో నల్లా విప్పుకుని చాలాసేపు ఉండిపోయింది. బయటికొచ్చి, "ఏంది సూస్తున్నవ్? బట్టలు ఉతికిన" అంది. చేతిలో బట్టలు లేవు.

ఏడుపు రాజయ్యకు చేతకాదు. చేతనైంది పనిముట్లు చేయడం.

కొడుకును మంచం మీంచి కుర్చీలోకి ఇద్దరూ కలిసి ఎత్తుతుంటే రాములమ్మకు నడుం పట్టేసింది. షెడ్డులో మోటార్లు ఎత్తే పాత చైన్ పుల్లీ ఒకటి మూలన పడుంటే రాజయ్య ఓనరును అడిగి తెచ్చాడు. స్లాబుకు కొక్కెం బిగించాడు. లారీల మీద కప్పే గుడ్డతో ఊయలలాంటిది కుట్టించాడు. పొద్దున్నే కొడుకును అందులో పడుకోబెట్టి గొలుసు లాగాడు. ఉపేందర్ గాలిలోకి లేచాడు. ఫ్యానుతో ముచ్చటపెట్టుకునే ఎత్తుకు చేరాక గొలుసు బిగుసుకుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. కాళ్ళ కింద కరకరమని చప్పుడు విని, భూకంపమనుకుని త్రిమూర్తులు భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే ఇంటి ఓనరు కొడుకు ఆకాశంలో ఉన్నాడు. ఓనరు నూనెడబ్బాతో నిచ్చెన మీద ఉన్నాడు. ఓనరు భార్య స్టూలెక్కి పిల్లవాడికి ఉప్మా తినిపిస్తోంది.

"దించకుండా తిండి పెడతారేంటండీ వదినగారూ!" అంది రాజ్యం.

"దిగేదాక ఆకలైతది గద చెల్లె!"

"అమ్మా, జర చట్నీ గూడ ఎయ్యి" అని పైనుంచి వినిపించింది.

కిందికి దిగాక ఉపేందర్ అన్నాడు: "బాపూ, దవాఖానల నాకు చెక్క మీద జరుగుడు నేర్పిన్రు. మంచానికి, కుర్చీకి నడుమ చెక్క ఏస్తే చేతుల మీద నేనే జరుగుత." రాజయ్య టేకుచెక్క తెచ్చి అద్దంలా నునుపు చేశాడు. ఎంత నునుపంటే, మొదటిసారి ఉపేందర్ కుర్చీలో ఆగక అవతలికి పోబోయి గోడ పట్టుకున్నాడు. ఆ నునుపును కాస్త గరుకుపేపరుతో తగ్గించాక, మంచం నుంచి కుర్చీకి వాడికి ఎవరి అవసరమూ లేకపోయింది.

మిగిలింది బాత్రూం. తలుపు ఇరుకు, కుర్చీ పట్టదు. రాజయ్యే ఎత్తుకుపోయేవాడు. మీసాలొచ్చిన కొడుక్కి తండ్రి స్నానం చేయిస్తుంటే ఇద్దరూ చెరో గోడా చూస్తూ క్రికెట్టు మాట్లాడుకునేవాళ్ళు. రాజయ్యకు క్రికెట్టు తెలియదు.

అందుకని ఆ తలుపు వెడల్పు చేయాలనుకున్నాడు. మేస్త్రీని పెట్టలేదు, తానే పూనుకున్నాడు. కుర్చీని వర్నియర్‌తో కొలిచాడు, టేపుతో కొలిచాడు, చక్రాలు తిప్పి కొలిచాడు. అటో సూత్ ఇటో సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సందు వదిలి చౌకట్టు బిగించాడు. ఖాళీ కుర్చీని వెనక నుంచి ఒక్క తోపు తోస్తే, ఎక్కడా గీసుకోకుండా సాఫీగా లోపలికి జారింది. "బేరింగు కూసున్నట్టు కూసున్నది" అని రాజయ్య మీసం దువ్వుకున్నాడు. రాములమ్మ చౌకట్టుకు పసుపు కుంకుమ పెట్టింది. త్రిమూర్తులు దంపతులను పేరంటానికి పిలిచినట్టు పిలిచారు. ఉపేందర్ రెండు చక్రాలూ చేతుల్తో తోసుకుంటూ, అందరూ చూస్తుండగా, తలుపులోకి వెళ్ళాడు.

వెళ్ళి, "అబ్బా!" అన్నాడు. రెండు చేతుల కణుపులూ చౌకట్టుకు గీసుకుని తోలు లేచిపోయింది.

రాజయ్యకు మొదట అర్థం కాలేదు. చౌకట్టు చూశాడు, కుర్చీ చూశాడు. కొలత తప్పలేదు. ఉపేందర్ చేతులు ఊదుకుంటూ నవ్వాడు. "బాపూ, కుర్చీని కొలిసినవ్. నా చేతులను కొలవలే."

అదీ సంగతి. రాజయ్య కుర్చీని ఎప్పుడు తలుచుకున్నా వెనక తానే ఉండి తోస్తున్నట్టు తలుచుకున్నాడు. చక్రాల మీద కొడుకు చేతులుంటాయన్న ఊహే అతనికి రాలేదు. మర్నాడు షెడ్డులో, "రాజన్నా, వెంట్రుకను పట్టినోనికి చెయ్యి కనవడలేదానే?" అని ఏడిపించారు. రాజయ్య ఆ సాయంత్రమే సుత్తి పట్టుకుని తన చౌకట్టు తానే పగలగొట్టాడు. ఈసారి కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు చక్రాల మీద పెట్టమని, మోచేతుల నుంచి కొలిచాడు.

ఇక ఉపేందర్ తలుపేసుకుని తానే స్నానం చేయసాగాడు. తలుపు బయట రాములమ్మ.

"అయిందా బిడ్డ?"

"ఇప్పుడే మొదలువెట్టిననే."

"మగ్గు సప్పుడు ఆగిందేంది? ఉప్పీ! ఓ ఉప్పీ!"

"సబ్బు వెట్టుకుంటున్న! సబ్బుకు గూడ సప్పుడు జెయ్యాల్నా?"

ఆ రాత్రి అన్నాల దగ్గర ఉపేందర్ గొంతు సవరించుకున్నాడు. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఒక కంపెనీ ఖాతాదారులకు జవాబులు రాసే పని వాడిది. ఉప్పల్ మెట్రో దగ్గరున్న ఆఫీసుకు రోజూ వస్తే పెద్ద పని ఇస్తామన్నారట. లిఫ్టు ఉందట. కుర్చీ పట్టే బాత్రూం ఉందట, వాడు ముందే అడిగాడట.

"రోజు మేం వచ్చి బయట కూసుంటం" అంది రాములమ్మ వెంటనే.

"అమ్మా, నువ్వు కీసరగుట్టకు మొక్కుకున్నవ్ గద?"

మొక్కుకుంది. పిల్లవాడు ప్రాణాలతో బయటపడితే మొగుడూ పెళ్ళాలిద్దరం కలిసి గుట్టెక్కుతామని. పిల్లవాడు బయటపడ్డాడు గానీ వాడి దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఇద్దరూ కలిసి గల్లీ దాటిందే లేదు.

"వచ్చే ఐతారం పోయిరాన్రి. పొద్దుగాల పోయి పొద్దుమూకినంక రాన్రి. నేనొక్కన్నే ఉంట. ఆ దినం మంచిగ గడిస్తే నౌకరికి పోత. గడవకుంటే నేనే వద్దని చెప్త, మళ్ళ ఆ ముచ్చట ఎత్తను. ఒప్పుకుంటవా బాపూ?"

రాజయ్యకు కొడుకు చేతి కణుపుల మీద ఇంకా ఆరని పొక్కులు కనిపించాయి. "ఒప్పుకున్న" అన్నాడు. రాములమ్మ మొగుడి వైపు చూసిన చూపుకు పప్పుగిన్నె మళ్ళీ ఉడికి ఉండాలి.

ఆదివారానికి జరిగిన ఏర్పాట్లు చూస్తే పెళ్ళిళ్ళకు కూడా అంత జరగదు. రాములమ్మ వాడొక్కడికీ బస్తీకి సరిపడా వండింది. ప్రతి గదిలో నీళ్ళసీసాలు పెట్టింది. పొయ్యి ముట్టనని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. రాజయ్య కొడుకు మంచం నుంచి కిటికీ గుండా పైవాటా దాకా నవారు తాడు లాగి, త్రిమూర్తులు వంటింట్లో ఒక ఇత్తడి గంట కట్టాడు. "ఏదన్న అయితే లాగు" అన్నాడు.

"బాపూ, ఇది ఇల్లా, గుడా?"

"లాగమన్నప్పుడు లాగు."

ఆటో ఎక్కారు. ఆటో కదిలిందో లేదో రాజయ్య ఫోను చేశాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డ?"

"మీ ఆటో సప్పుడు ఇంటున్న బాపూ. ఇంకా గల్లీ మలుపు తిరగలేదు మీరు."

ఏఎస్ రావు నగర్ దాకా రాజయ్య ఓపిక పట్టాడు. అక్కడ రాములమ్మ ఆటో ఆపించి, చాయ్ తాగుదామంది. ఆమె చాయ్ తాగదు. ఇద్దరూ ఒక చీరల దుకాణం మెట్ల మీద కూర్చున్నారు. రాములమ్మ పైవాటాకు ఫోను చేసింది.

"రాజ్యం చెల్లె, జర కిందికి వోయి సూడవా. నేను జెప్పిన్నని జెప్పకు."

రాజ్యం పులిహోర గిన్నె పట్టుకుని దిగింది. "టీవీ చూస్తున్నాడండీ వదినగారూ. పులిహోరలో ఇంగువ తక్కువైందన్నాడు." కొంచెంసేపాగి రాజయ్య ఫోను చేస్తే త్రిమూర్తులు పేపరు కోసమని దిగాడు. ఇంకొంచెంసేపాగి మళ్ళీ దిగాడు. ఈలోగా గంట మోగింది. సగం గడ్డం గీసుకున్న త్రిమూర్తులు నురగతోనే మెట్ల మీంచి దూకినంత పని చేశాడు. తీరా చూస్తే, ఉపేందర్ తడితువ్వాలు ఆరేయడానికి ఆ తాడే వీలుగా ఉందనుకున్నాడు.

ఈసారి ఉపేందరే తండ్రికి ఫోను చేశాడు.

"బాపూ, పైన సారుకు ఎన్ని పేపర్లు గావాలె? పొద్దటి సంది ఒక్క పేపరే రెండుసార్లు అడుక్కవోయిండు. గుట్ట దాక వోయిన్రా?"

"ఆఁ... పోతున్నం. మస్తు రష్షున్నది."

పక్కన దుకాణంవాడు, "అమ్మా, చీరలు చూస్తారా, మెట్లు ఖాళీ చేస్తారా?" అన్నాడు.

వాళ్ళు లేచి నాలుగడుగులు వేశారో లేదో రాజ్యం ఫోను. "వదినగారూ, కంగారు పడకండి. కింద తలుపుకి బయటనుంచి తాళం ఉందండీ. పిలిస్తే పలకట్లేదు. ఫోను కూడా ఎత్తట్లేదు."

ఇద్దరూ మళ్ళీ ఆటో ఎక్కి వెనక్కి మళ్ళారు. రాజయ్యకు ఎంత దూరం వచ్చిందీ తెలియలేదు. రోడ్డు మీద వానలో పడి ఉన్న బండి కనబడింది. ఎండ కాస్తోంది, వాన లేదు, బండీ లేదు, అయినా కనబడింది. రాములమ్మ ఒకే మాట అంది: "నువ్వే ఒప్పుకున్నవ్." మళ్ళీ తానే, "నేను గూడ ఆటో ఎక్కిన గద" అంది.

ఇంటి దగ్గర రాజ్యం ముక్కు తుడుచుకుంటోంది. త్రిమూర్తులు పిట్టగోడెక్కి బాత్రూం వెంటిలేటరులోంచి తొంగిచూస్తున్నాడు. "లోపలెవరూ లేరండీ రాజయ్యగారూ. బకెట్టు మాత్రం క్షేమంగానే ఉంది."

తలుపుకు తాళం. తాళంచెవి కొడుకు దగ్గర. రాజయ్య కళ్ళు నేల మీద పడ్డాయి. ఎదురింటివాళ్ళు వాకిలి కడిగిన నీళ్ళు గల్లీ మీద పారి ఉన్నాయి. ఆ తడిలోంచి రెండు సన్నని గీతలు బయలుదేరి, పల్లం వైపు సాగిపోయాయి. ఆ గీతల మధ్య ఎడం రాజయ్యకు కాక ఎవరికి తెలుసు? అతను వాటి వెంట నడిచాడు. వెనకాల రాములమ్మ. గీతలు ఒకచోట ఆగాయి, ఒకచోట గుంత చుట్టూ తిరిగాయి, ఒకచోట వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు పోయాయి. తడి ఆరిపోయిన చోట గీతలూ ఆరిపోయాయి. సరిగ్గా అప్పుడే మలుపు అవతల నుంచి నవ్వులు వినబడ్డాయి.

మంగలి తిరుపతి దుకాణం. తిరుపతి ఇన్నాళ్ళూ ఇంటికొచ్చి ఉపేందర్‌కు కటింగ్ చేసి వెళ్ళేవాడు. దుకాణానికి ఎత్తైన మెట్టుంది, కుర్చీ ఎక్కదు. అందుకని ఇవాళ దుకాణమే మెట్టు దిగింది. రేకు కింద, రోడ్డు వారగా, ఉపేందర్ తన కుర్చీలోనే తెల్లగుడ్డ కప్పుకుని మహారాజులా కూర్చున్నాడు. కటింగు కోసం వచ్చిన ఇద్దరు గోడకుండే పెద్ద అద్దాన్ని విప్పి తెచ్చి, ఎదురుగా చెరో వైపూ పట్టుకుని నిలబడ్డారు. నవ్వొచ్చినప్పుడల్లా అద్దం ఊగుతోంది.

"సక్కగ పట్టున్రయ్యా, చెవి ఏడుందో కనవడ్తలేదు!" అంటున్నాడు తిరుపతి.

"మరి నన్ను పైకి లేపినోడు కిందికి దించుడు మర్శిండన్న" అంటున్నాడు ఉపేందర్. "మధ్యాహ్నం దాక ఆడనే ఉన్న. ఫ్యాను మీద పావురం గూడు వెట్టుకుంది, ఎవరింటికొచ్చినవ్ రా అని నన్నే అడిగింది."

అద్దం పడిపోబోయింది. రాజయ్య కరెంటు స్తంభం వెనక ఆగిపోయాడు. పావురం సంగతి పచ్చి అబద్ధం. ఈ పోరనికి ఈ గుణం ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలియనిది కాదు.

"ఒక్కనివే వచ్చినవా? బాపు ఏడి?" అన్నాడు తిరుపతి.

"గుట్టకు పంపిన అన్న. పాపం, నేను పడ్డకాంచి ఒక్కదినం ఛుట్టీ తీస్కోలే. షెడ్డుల ఐతారం సెలవుంటది, మా ఇంట్ల లేదు. అమ్మదీ గంతే. ఇయ్యాల్నన్న తిరగని."

రాజయ్య కదల్లేదు. రాములమ్మ కొంగుతో మూతి మూసుకుంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోకుండా, ఎవరో తరుముతున్నట్టు, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగారు.

ఇంటికైతే వచ్చారు. తాళం ఉంది. సొంత ఇంటి ముందు, పైవాటా మెట్ల మీద, అద్దెకు గది వెతుక్కుంటూ వచ్చినవాళ్ళలా కూర్చున్నారు. విషయం విన్న రాజ్యం ముక్కు తుడుచుకోవడం మాని నవ్వడం మొదలెట్టింది. "మా పై వాటాలో ఓ గది ఖాళీగానే ఉందండీ, ఇమ్మంటారా?" అని పులిహోర పెట్టింది. నిజంగానే ఇంగువ తక్కువైంది.

చాలాసేపటికి గల్లీ చివర ఉపేందర్ కనబడ్డాడు. వచ్చేటప్పుడు ఎత్తు. రెండు తోపులు తోసి ఆగుతున్నాడు. చక్రాలు పట్టుకుని నిలబెడుతున్నాడు. ఒకచోట కుర్చీ పక్కకు తిప్పుకుని, చేతుల మీద బరువంతా వేసి ఒళ్ళు సీటు నుంచి పైకి లేపాడు. పుండ్లు పడకుండా ఆసుపత్రిలో నేర్పిన పని అది. ఎవరూ గుర్తుచేయకుండానే చేశాడు. రాజయ్య ఒక మెట్టు దిగాడు. రాములమ్మ చొక్కా పట్టుకుని లాగింది. మరుక్షణం ఆమె లేచింది. ఈసారి అతను చీర కుచ్చెళ్ళు పట్టుకుని కూర్చోబెట్టాడు. చివరికి రాజయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

కూరగాయల బండి తోసుకుంటూ వచ్చిన ఒకామె, "తొయ్యాల్నా కొడుకా?" అంది. ఉపేందర్ తల అడ్డంగా ఊపాడు. ఇంకో నాలుగు తోపులు తోశాడు. ఇంటి ముందరి గట్టు మరీ నిటారు. కుర్చీ ముందుకు పోయి మళ్ళీ వెనక్కి జారింది. రాజయ్య గుండె దానితోపాటు జారింది. ఉపేందర్ వెనక్కి తిరిగి, మామూలుగా, ఏ మొహమాటమూ లేకుండా పిలిచాడు: "అక్కా, గిప్పుడు జర చెయ్యెయ్యవా? గీ ఒక్క గట్టు ఎక్కియ్యి."

ఆమె బండి వదిలి వచ్చి ఒక తోపు తోసింది. "పైలం కొడుకా" అని వెళ్ళిపోయింది. అంతే.

రాజయ్యకు ముందు కొంచెం నొచ్చింది. ఇక్కడ తానుండగా ఎవరినో అడగడమా? ఆ తర్వాత ఆలోచిస్తే, వాడు వద్దన్నప్పుడు ఆమె ఆగింది, అడిగినప్పుడు వచ్చింది. ఇన్నాళ్ళలో తాను వాడిని అడగనిచ్చింది ఎప్పుడు?

ఉపేందర్ తలెత్తి మెట్ల మీది వరుస చూశాడు. కొత్త కటింగులో చెవులు కొంచెం పెద్దవిగా కనబడుతున్నాయి.

"ఎప్పుడొచ్చిన్రు?"

"ఇప్పుడే" అన్నాడు రాజయ్య.

"గుట్ట ఎట్లున్నది?"

"మస్తున్నది" అంది రాములమ్మ. ఒకసారి మొదలుపెడితే ఆమె ఆగదు. "ఏం జనం, ఏం జనం! కోతి నా చేతులున్న అరటిపండు గుంజుకపోయింది. పూజారి నీ పేరు అడిగి మరీ అర్చన జేసిండు."

"ప్రసాదం ఏది?"

రాములమ్మ చుట్టూ చూసింది. చేతిలో ఉన్నది రాజ్యం పులిహోర గిన్నె. దాన్నే చాపింది.

ఉపేందర్ ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు. "కీసర స్వామికి గూడ ఇంగువ అయిపోయిందా?"

మెట్ల మీద రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది. రాజయ్య సర్ది చెబుదామని, "అది గాదు బిడ్డ, అద్దం ఊగి తిరుపతి చెవుల తాన జర ఎక్కువ కోసిండు..." అన్నాడు. అని, ఆగిపోయాడు.

త్రిమూర్తులు లెక్కల మాస్టారు కదా, "ఆన్సరు వచ్చేసిందండీ" అన్నాడు. ఉపేందర్ నవ్వీ నవ్వీ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. తాళం తీసి, తానే ముందు లోపలికి పోయి, "కాళ్ళు కడుక్కొని రాన్రి, గుట్ట దిగొచ్చిన్రు గద" అని పిలిచాడు.

అన్నాల దగ్గర రాజయ్యే ఎత్తాడు. "నౌకరి ఎప్పటి నుంచి?"

"మీరు గుట్టకు పోలేదు గద బాపూ. ఒప్పందం తప్పింది మీరు."

"ఒప్పుకుంట. ఉప్పల్ తాన ఆటోలోంచి దిగంగ ఎవరన్న చెయ్యెయ్యాలంటే?"

"అడుగుత."

"ఎవలనన్న అడుగుతవా?"

"ఎవలుంటే వాళ్ళను."

"అయితే పో" అన్నాడు రాజయ్య. రాములమ్మ కంచంలో వేలితో గీతలు గీస్తూ, "అన్నం డబ్బా మాత్రం నేనే కడత" అంది. ఆ డబ్బాతో ఆఫీసు అంతా తినవచ్చునని తర్వాత తేలింది.

మరుసటి ఆదివారం, ఉపేందర్ పనిలో చేరేముందు రోజు, మొగుడూ పెళ్ళాలు నిజంగానే కీసర వెళ్ళారు. ఏఎస్ రావు నగర్‌లో ఆటో ఆపలేదు. చీరల దుకాణంవాడు గుర్తుపట్టి చెయ్యి ఊపాడని రాజయ్య అంటాడు; నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. గుట్ట మెట్లు సగం ఎక్కాక అతను చెమట తుడుచుకుంటూ ఫోను తీశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఉపేందర్ ఎత్తలేదు. రెండోసారి నొక్కబోతుంటే రాములమ్మ ఆ ఫోను గుంజుకుని, కొంగులో ముడేసుకుని, నడుముకు దోపుకుంది.

"ఎత్తలేదంటే పనిల ఉన్నడన్నట్టు" అంది. "నడువు, లైను పెరుగుతాంది."